పాలపన్ను గుంటలో ఏం మిగలనివ్వాలి?

నాలుగేళ్ల పాపకు కింది దవడలో రెండో పాలదవడ పన్ను పుచ్చిందనుకుందాం. ఆ పన్ను ఊడే వయసు పదికీ పన్నెండుకీ మధ్య. అంటే పాప ఇంకా ఆరేళ్లో, ఏడేళ్లో, ఎనిమిదేళ్లో దాంతోనే అన్నం నమలాలి. “ఊడిపోయే పళ్లే కదా సార్, డబ్బు దండగ కదా” అని తల్లిదండ్రులు అడిగినప్పుడు ముందుగా చెప్పవలసిన లెక్క ఇది. ఆరో ఏట దాని వెనకే మొదటి శాశ్వత దవడ పన్ను మొలుస్తుంది. ముందున్న పాలపన్నును అప్పటికే పీకేసి ఉంటే, కొత్త పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది. చిగురు లోపల ఎదుగుతున్న మరో శాశ్వత పన్నుకు చోటు చాలదు. పదిహేనేళ్లకు క్లిప్పులు వేయించుకునే పిల్లల్లో కొందరి కథ ఇలా మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఈ కథ ఎక్కడైనా ఎదురవుతుంది గానీ, ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల మరీ దగ్గరగా కనిపిస్తుంది. తీపికి, వైద్యానికి రెండింటికీ పాత పేరున్న ప్రాంతమిది. మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీములు, కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు, నాంపల్లి బేకరీల ఉస్మానియా బిస్కెట్లు, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ మిఠాయిలు ఒక పక్క. రెడ్ హిల్స్‌లో 1953 నుంచి నడుస్తున్న నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, మార్కెట్ దాటి మూసీ వైపు వెళ్తే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి, 1959లో మొదలైన ప్రభుత్వ డెంటల్ కాలేజీ మరో పక్క. జిల్లాల నుంచి రైలు దిగిన కుటుంబాలు దవడ వాచిన పిల్లల్ని ఎత్తుకుని వచ్చేది ఈ ఆసుపత్రులకే. 2002–03లో జరిగిన జాతీయ దంత ఆరోగ్య సర్వేలో మన దేశపు ఐదేళ్ల పిల్లల్లో దాదాపు సగం మందికి పళ్లు పుచ్చి ఉన్నాయని తేలింది. వాటిలో చాలా భాగం ఏ వైద్యమూ అందకుండా ఉండిపోతాయి.

పుచ్చు అంటే ఏమిటో క్లుప్తంగా చెప్పుకుని అసలు విషయానికి వెళ్దాం. పంటి మీద పేరుకునే పాచిలో బాక్టీరియా ఉంటాయి. మనం తిన్న చక్కెరను అవీ తింటాయి, ఆమ్లాన్ని వదులుతాయి. 1940లలో అమెరికాలో రాబర్ట్ స్టీఫాన్ పాచిలోని ఆమ్లత్వాన్ని కొలిచి చూపించాడు. చక్కెర నీళ్లతో పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ 5.5 కన్నా కిందికి పడిపోతుంది. మళ్లీ మామూలు స్థాయికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అంతసేపూ ఎనామిల్ లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతూ ఉంటాయి. అందుకే ఒక్కసారి కూర్చుని నాలుగు బిస్కెట్లు తిన్న పిల్లవాడి కన్నా, అవే నాలుగు బిస్కెట్లను సాయంత్రమంతా గంటకొకటి చొప్పున కొరికిన పిల్లవాడి పళ్లకు ఎక్కువ నష్టం. ఒకసారి గుంట పడ్డాక ఆ గుంటే బాక్టీరియాకు ఇల్లు. బ్రష్ అక్కడికి చేరదు.

ఇక్కడ పాలపన్ను కట్టుబడి గురించి తెలియాలి. దాని ఎనామిల్, ఆ కింది డెంటిన్ రెండూ శాశ్వత పన్నులో ఉన్నదానికి సుమారు సగం మందమే. నడుమ రక్తనాళాలు, నరాలు ఉండే గుజ్జు మాత్రం పన్ను పరిమాణానికి పెద్దది. దాని కొమ్ములు పైపైకి చొచ్చుకుని ఉంటాయి. కాబట్టి పెద్దవాళ్ల పంటిలో ఏళ్లు పట్టే ప్రయాణాన్ని పుచ్చు ఇక్కడ నెలల్లో ముగించగలదు. డాక్టరు చేతిలోని డ్రిల్ కూడా అంతే తేలిగ్గా గుజ్జును తాకగలదు. కుర్చీలో పిల్లవాడు ఏడుస్తూ తల తిప్పుతుంటే గుంటను ఎంతవరకు తవ్వాలన్నది పుస్తకంలో చదివినంత సులువుగా తేలదు.

ఎంతవరకు తవ్వాలి? దంతవైద్యం దీని మీద నూటయాభై ఏళ్లకు పైగా వాదించుకుంది. 1859లో లండన్ వైద్యుడు జాన్ టోమ్స్, గుజ్జును బయటపెట్టి పన్నును ప్రమాదంలోకి నెట్టడం కన్నా దాని మీద రంగు మారిన డెంటిన్ పొర ఒకటి కాపుగా ఉంచడం మేలన్నాడు. 1908లో అమెరికాలో జి.వి. బ్లాక్ సరిగ్గా తిరగేసి చెప్పాడు: మెత్తబడిన డెంటిన్ కింద గుజ్జును వదిలేయడం కన్నా గుజ్జు బయటపడినా సరే, శుభ్రంగా తీసేయాలని. బ్లాక్ పుస్తకాలే ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలయ్యాయి. బాక్టీరియా వల్ల రోగాలొస్తాయన్న జ్ఞానం అప్పటికింకా కొత్తది. ఉన్నదాన్నంతా తుడిచేయాలనే పట్టుదల ఆ కాలానికి సహజం. మన దేశంలో కూడా కొన్ని తరాల డాక్టర్లు “గట్టి డెంటిన్ తగిలి కరకరమనే దాకా తవ్వు” అన్న పాఠంతోనే బయటికి వచ్చారు.

అయితే ఎంత తవ్వినా అన్నీ పోవు. డెంటిన్ నిండా సన్నని గొట్టాలుంటాయి. ఒక చదరపు మిల్లీమీటరులోనే వేల కొద్దీ. ఒక్కొక్కటి ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పు. పుచ్చు బాక్టీరియా అంతకన్నా చిన్నవి, వరసగా లోపలికి నడిచి వెళ్లగలవు. చూడ్డానికి శుభ్రంగా, గట్టిగా ఉన్న డెంటిన్ లోంచి రవ్వంత గీకి ప్రయోగశాలలో పెంచితే కూడా చాలాసార్లు బాక్టీరియా మొలుస్తాయి. ఫిల్లింగ్ కింద మిగిలిపోయిన ఇవే మళ్లీ పుచ్చు తెస్తాయేమో, గుజ్జును చేరి చీము పట్టిస్తాయేమో అన్న భయం లోంచే గుంటను మందుతో కడిగి, ఆ తర్వాత ఫిల్లింగ్ పెట్టే పద్ధతి పుట్టింది.

ఈ పనికి ఎక్కువగా వాడేది 2 శాతం క్లోర్‌హెక్సిడిన్. నోరు పుక్కిలించడానికి మెడికల్ షాపుల్లో దొరికే 0.2 శాతం ద్రావణానికి ఇది పెద్దన్న. 1950లలో ఇంగ్లండ్‌లో వాడుకలోకి వచ్చింది. దీని అణువుకు ధన విద్యుదావేశం, బాక్టీరియా గోడకు రుణ విద్యుదావేశం. అందుకని పోయి అతుక్కుంటుంది, గోడకు చిల్లులు పెడుతుంది, లోపలి సరుకు కారిపోతుంది. గాఢత ఎక్కువైతే లోపలి పదార్థాన్నే గడ్డకట్టిస్తుంది. డెంటిన్‌కు కూడా అది అతుక్కుంటుంది కాబట్టి కొంతకాలం నెమ్మదిగా పనిచేస్తూనే ఉంటుంది. మరో లాభం అనుకోకుండా తెలిసింది. డెంటిన్‌లోనే నిద్రాణంగా ఉండే కొన్ని ఎంజైములు పుచ్చు వల్ల, రెసిన్ ఫిల్లింగ్ కోసం రాసే ఆమ్లం వల్ల మేల్కొని, ఫిల్లింగ్‌కు పట్టునిచ్చే కొల్లాజెన్ పోగులను మెల్లగా కొరికేస్తాయి. క్లోర్‌హెక్సిడిన్ ఆ ఎంజైములను అణచిపెడుతుంది. నిమిషం లోపు పట్టించి, అద్ది ఆరబెడితే చాలు. ఎలర్జీ చాలా అరుదు, కానీ వచ్చినప్పుడు తీవ్రంగా రావచ్చు. ఇంతకు ముందు ఏ మందైనా పడలేదా అని డాక్టరు అడిగితే తల్లిదండ్రులు గుర్తు చేసుకుని చెప్పాలి.

సోడియం హైపోక్లోరైట్ రెండోది. ఇంట్లో గచ్చు కడిగే బ్లీచింగ్ ద్రావణాలలోనూ ఉండే రసాయనమే ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో హెన్రీ డేకిన్, అలెక్సీ కారెల్ సైనికుల చీముపట్టిన గాయాలను దీని పలుచని ద్రావణంతోనే కడిగించారు. చచ్చిన కణజాలాన్ని కరిగించడంలో దీనికి సాటి లేదు. అయితే ఇది వదిలే ఆక్సిజన్ డెంటిన్‌లో చిక్కుకుని రెసిన్ గట్టిపడకుండా అడ్డుపడుతుంది. ఫిల్లింగ్ పట్టు తగ్గుతుంది. పైగా దీన్నీ క్లోర్‌హెక్సిడిన్‌నూ కలిపితే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. రెండూ వాడాలనుకున్న డాక్టరు నడుమ నీటితో బాగా కడగాలి. మందు ఎంత గొప్పదన్న ప్రశ్నను ఆ తర్వాత పెట్టబోయే సిమెంటును చూడకుండా అడగడానికి వీల్లేదన్నమాట.

మూడోది వెండి. జపాన్‌లో 1969 ప్రాంతంలో తయారైన సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ 38 శాతం ద్రావణం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. వెండి బాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన డెంటిన్‌ను మళ్లీ గట్టిపరుస్తుంది. డ్రిల్ అక్కర్లేదు, ఇంజెక్షన్ అక్కర్లేదు. నష్టమల్లా పుచ్చిన చోటు నల్లగా మారిపోవడం. ముందు పళ్లకైతే తల్లిదండ్రులు ఒప్పుకోరు, దవడ పళ్లకు చాలామంది ఒప్పుకుంటారు.

ఈ మందు పేరులో ఫ్లోరైడ్ అన్న మాట వినగానే నల్లగొండ నుంచి వచ్చిన తండ్రి ఉలిక్కిపడితే అతన్ని తప్పుపట్టకూడదు. ఎముకల ఫ్లోరోసిస్‌ను శాస్త్రలోకానికి తొలిగా వివరంగా చెప్పిన పరిశోధనల్లో ఒకటి 1937లో నాటి నెల్లూరు జిల్లా ఊళ్ల మీద జరిగినదే. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తేర్చే పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరే నల్లగొండ పద్ధతి. వంగిన నడుములు, గోధుమ చారల పళ్లు చూస్తూ పెరిగిన మనిషికి డాక్టరు ఆ మాటకు అర్థం చెప్పాలి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశపు హద్దు. ఐదు మిల్లీగ్రాములున్న బావి నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగితే పదిహేను మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్తాయి. అదీ రోజూ, ఏళ్ల తరబడి. పంటికి రాసే ఈ ద్రావణం ఒక్క చుక్కలో ఉండేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, మింగేదీ కాదు. ఈ లెక్క చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. కిక్కిరిసిన ఓపీలో ఆ రెండు నిమిషాలు దొరకవని తెలుసు, అయినా చెప్పి తీరాలనే నా పట్టు.

ఇవి కాక తేనెటీగల గూటి జిగురు ప్రొపోలిస్, కలబంద, వేప, ఓజోన్ వాయువు, లేజర్ కూడా పరీక్షకు వచ్చాయి. మన భీమవరంలోని విష్ణు డెంటల్ కాలేజీ వైద్యులు పిల్లల నోట్లోనే, పాలపళ్ల గుంటల్లోనే నాలుగింటిని పోల్చి 2016లో ప్రచురించారు: ఫ్లోరైడ్ జెల్, ప్రొపోలిస్, డయోడ్ లేజర్, 2 శాతం క్లోర్‌హెక్సిడిన్. మందుకు ముందూ తర్వాతా డెంటిన్ నమూనా తీసి, పెంచి లెక్కపెట్టడం పద్ధతి. బాక్టీరియా తగ్గాయి. ఇలాంటివి పీకిన పళ్ల మీద, గాజు పళ్లాల్లో చేసిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. నోట్లో చేసినవి తక్కువ. అందుకే భీమవరం పని నాకు గౌరవం కలిగిస్తుంది.

కానీ లెక్కించినదేమిటి? బాక్టీరియా సంఖ్య. పాప తల్లికి కావలసినదేమిటి? పన్ను పదో ఏటి దాకా నొప్పి లేకుండా నిలవడం. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉండొచ్చో తెలియడానికి అఫ్జల్‌గంజ్ చరిత్రలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1888లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ, ఆపరేషన్లలో వాడే మత్తుమందు క్లోరోఫామ్ ఎంత క్షేమమో తేల్చడానికి క్లోరోఫామ్ కమిషన్ నడిపాడు. 1889లో లండన్ లాన్సెట్ పత్రిక పంపిన లాడర్ బ్రంటన్ వచ్చాక రెండోది జరిగింది. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. కమిషన్ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్‌తో ముందు ఆగేది ఊపిరి, గుండెకు నేరుగా భయం లేదని తేల్చింది. శ్రమ గొప్పది, రికార్డులు శ్రద్ధగా రాసినవి. అయినా ఆపరేషన్ బల్ల మీద రోగులు హఠాత్తుగా గుండె ఆగి చనిపోతూనే ఉన్నారు. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి మత్తులో ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే క్లోరోఫామ్ గుండె లయను చెదరగొట్టి చంపగలదని చూపించాడు. హైదరాబాద్ ప్రయోగాలు జవాబిచ్చిన ప్రశ్న వేరు, ఆపరేషన్ బల్ల అడిగిన ప్రశ్న వేరు.

గుంట కడిగే మందుల విషయంలోనూ బల్ల అడిగే ప్రశ్న ఏళ్ల తరబడి పంటిని గమనిస్తేనే తేలుతుంది. అలా గమనించిన పరిశోధనలు చెప్పేది ఆశ్చర్యంగా ఉంటుంది. 1998లో అమెరికాలో ఎవా మెర్ట్స్-ఫేర్‌హర్స్ట్ బృందం పదేళ్ల ఫలితాలు ప్రకటించింది. పుచ్చును తీయకుండానే, చుట్టూ ఉన్న ఎనామిల్ అంచును మాత్రం సరిచేసి, పైన గట్టిగా సీలు చేసిన శాశ్వత పళ్లలో పుచ్చు ముందుకు సాగలేదు. చక్కెర అందని బాక్టీరియా ఆమ్లం తయారుచేయలేవు. చాలా భాగం చస్తాయి, మిగిలినవి పని మానేస్తాయి.

పాలపళ్ల మీద స్కాట్లాండ్‌లో నార్నా హాల్ అనే డాక్టరు ఇంకా ముందుకు వెళ్లింది. తవ్వడం లేదు, మత్తు సూది లేదు, కడగడం లేదు. పుచ్చిన పాలదవడ పన్ను మీద రెడీమేడ్ స్టీలు క్యాప్‌ను సిమెంటుతో బిగించి పంపేది. వింతగా తోచిన ఈ పద్ధతిని తర్వాత శాస్త్రీయంగా పరీక్షించారు. 2007లో వెలువడిన ఫలితాల్లో 132 మంది పిల్లలు, ఒక్కొక్కరి నోట్లో ఒక పన్నుకు హాల్ క్యాప్, మరో పన్నుకు మామూలు ఫిల్లింగ్. రెండేళ్ల దగ్గర చూస్తే, నొప్పి, చీము లాంటి పెద్ద వైఫల్యాలు ఫిల్లింగ్ పళ్లలో 15 శాతం, క్యాప్ పళ్లలో 2 శాతం. ఒక్క బాక్టీరియాను కూడా మందుతో చంపకుండా వచ్చిన ఫలితమిది.

దీంతో టోమ్స్ గెలిచాడని చెప్పవచ్చు. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా లోతైన గుంటల్లో గుజ్జుకు దగ్గరగా ఉన్న మెత్తని డెంటిన్‌ను వదిలి, అంచుల్లో మాత్రం గట్టి డెంటిన్ వచ్చేదాకా శుభ్రం చేయమంది. అంచులంటే సీలు పట్టు తీసుకునే చోటు. అక్కడ రాజీ లేదు.

ఇదంతా విని కడగడం అనవసరమనుకోవడం తొందరపాటు. క్యాప్ వేసే పంటికి దాని అవసరం తక్కువే. కానీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, ఆబిడ్స్, నాంపల్లి సందుల్లోని చిన్న క్లినిక్కుల్లోనూ ఎక్కువగా జరిగేది గ్లాస్ అయానమర్ సిమెంటు ఫిల్లింగ్. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో విల్సన్, కెంట్ తయారుచేసిన ఈ సిమెంటు పంటి కాల్షియంతో తానే అతుక్కుంటుంది, ఫ్లోరైడ్‌ను మెల్లగా వదులుతుంది. కాస్త తేమను భరిస్తుంది. కానీ నమిలే ఒత్తిడికి ఏడాది రెండేళ్లలో అంచు అరిగితే సందు పడుతుంది. ఆ సందులోంచి చక్కెర దిగిన రోజు లోపల ఎన్ని బాక్టీరియా మిగిలాయన్నది నిజంగా లెక్కలోకి వస్తుంది. మళ్లీ చూపించుకోవడానికి వస్తారన్న నమ్మకం లేని పిల్లల విషయంలో నిమిషం ఖర్చుపెట్టి క్లోర్‌హెక్సిడిన్ పట్టించడం సమంజసమని నా అభిప్రాయం. ఖర్చు స్వల్పం, చెడు దాదాపు లేదు. మందు ఉంది కదా అని పత్తి పెట్టి ఉమ్మి ఆపడంలో అశ్రద్ధ చేస్తే మాత్రం ఆ ఫిల్లింగ్ తడి గోడ మీద వేసిన సున్నమే. పిల్లవాడు కదిలితే మళ్లీ పత్తి మార్చడానికి ఓపిక ఉన్న డాక్టరు, ఏ సీసాలోని మందు కన్నా ఎక్కువ పాలపళ్లను కాపాడతాడు.

ఇంతసేపూ మాట్లాడినది గుజ్జు ఇంకా ఆరోగ్యంగా ఉన్న పళ్ల గురించి. తీపి, చల్లటిది తగిలినప్పుడు జివ్వుమని, తర్వాత తగ్గిపోయే నొప్పి అయితే సాధారణంగా ఇంకా సమయముంది. పిల్లవాడు అర్ధరాత్రి తనంత తానే నొప్పితో లేచి ఏడ్చినా, పంటి పక్క చిగురు మీద చిన్న చీము పొక్కు లేచినా, పన్ను కదులుతున్నా విషయం దాటిపోయినట్టు. అప్పుడు గుంట కడిగి ఫిల్లింగ్ పెడితే చీమును లోపల బంధించినట్టవుతుంది. ఎక్స్‌రే తీసి, గుజ్జు పై భాగాన్నో మొత్తాన్నో తీసే చికిత్స చేయాలి. వేర్లు నిలిచేలా లేకపోతే పన్ను తీసి, వెనక పన్ను ఒరగకుండా ఖాళీని ఆపే తీగను అమర్చాలి. జపాన్‌లోని నీగాటా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి పాలపళ్లలో మూడు యాంటీబయాటిక్‌ల ముద్ద పెట్టే పద్ధతి తెచ్చారు. కొన్ని సందర్భాల్లో పీకడాన్ని వాయిదా వేయడానికి అది పనికొస్తుంది. లవంగం నూనె, నొప్పి బిళ్ల ఆ రాత్రి గడుపుతాయి. తెల్లవారాక నొప్పి తగ్గిందని ఊరుకోకూడదు, ఎందుకంటే గుజ్జు చచ్చిపోయినా నొప్పి ఆగిపోతుంది.

అంతదాకా రాకముందు ఇంట్లో జరగవలసింది చాలానే ఉంది. మొదటి పన్ను మొలిచిన రోజు నుంచి ఫ్లోరైడ్ పేస్టు: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, రోజుకు రెండుసార్లు, పెద్దవాళ్ల చేత్తోనే. రాత్రి నోట్లో పాలసీసాతో నిద్రపుచ్చకూడదు. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, పాలలోని చక్కెర పై పళ్ల వెనక నిలిచిపోతుంది. పై ముందు పళ్ల మీద, చిగురు అంచున సుద్దలా తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకు తొలి రూపం. పెదవి ఎత్తి కిటికీ వెలుతురులో చూస్తే ఏ తల్లికైనా తెలుస్తుంది. ఆ దశలో డాక్టరు ఫ్లోరైడ్ వార్నిష్ రాస్తే, ఇంట్లో బ్రషింగ్ సాగితే, గీత మళ్లీ గట్టిపడవచ్చు, గుంట పడకుండానే.